వకీలు సాయం సరిగా అందలేదన్న వాదనను అప్పీలులో నిలబెట్టే పద్ధతి

నల్లగొండ సెషన్స్ కోర్టులో శిక్ష పడిన మనిషి ఇంటివాళ్లు ముందుగా అనే మాట "మా వకీలు సక్కగ కొట్లాడలే" అన్నదే. ఆ మాటకు రాజ్యాంగంలోని 21 (ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ), 22(1) (నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు), 39ఎ (ఉచిత న్యాయసహాయం) అధికరణాల బలం ఉంది. అయితే కోర్టు ఇచ్చిన తీర్పే ప్రాథమిక హక్కును భంగపరిచిందంటూ 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టులో రిట్ (హక్కుల రక్షణ కోరే పిటిషన్) వేయడం కుదరదని 1966లో మిరాజ్‌కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కనుక, ఈ ఫిర్యాదును హైకోర్టులో వేసే అప్పీలులోనే ఒక కారణంగా ఎత్తాలి. మరణశిక్ష అయితే గడువు 30 రోజులు, మిగతా శిక్షలకు 60 రోజులు. తీర్పు నకలు కోసం పట్టిన కాలాన్ని ఇందులోంచి మినహాయిస్తారు.

అసలు పని డాకెట్ ఆర్డర్ల దగ్గర, అంటే ప్రతి వాయిదాకు కోర్టు రాసే ఉత్తర్వుల దగ్గర, మొదలవుతుంది. ఏ వాయిదాకు ఎవరు హాజరయ్యారు, వకీలు లేని రోజున సాక్షిని విచారించారా, లీగల్ ఎయిడ్ వకీలును ఏ తేదీన నియమించారు, ఆయనకు కాగితాలు చదువుకునే వ్యవధి దొరికిందా అన్నవి తేదీలవారీగా అందులో కనిపిస్తాయి కాబట్టి, తీర్పుతో పాటు వీటికి, సాక్షుల వాంగ్మూలాలకు కూడా సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాలి. కీలక సాక్షి వాంగ్మూలం చివర "క్రాస్: నిల్" (ముద్దాయి తరఫున ఎదురు ప్రశ్నలేవీ అడగలేదు) అని ఉంటే ఆ పేజీని పక్కకు తీసిపెట్టాలి. నా దృష్టిలో ఇంటివాళ్ల పది అఫిడవిట్ల కన్నా ఆ ఒక్క పేజీ విలువైనది.

ఉచిత న్యాయసహాయం పొందవచ్చని ముద్దాయికి చెప్పకుండానే విచారణ నడిపినందుకు 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసింది. 2019 నాటి అనోఖీలాల్ కేసులో, వకీలును నియమించిన రోజే అభియోగాలు మోపారని గుర్తించి మరణశిక్షను రద్దుచేసి, మళ్లీ విచారించమంది; అలా కోర్టు నియమించిన వకీలుకు కేసు సిద్ధం చేసుకోవడానికి మామూలుగా కనీసం 7 రోజుల వ్యవధి ఇవ్వాలని కూడా చెప్పింది. అంటే ఈ వాదన నెగ్గినా చాలాసార్లు దక్కేది విడుదల కాదు, పునర్విచారణ. ఈ సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పడం మంచిది. పాత వకీలు ఇంకా గట్టిగా అడగాల్సిందన్న అసంతృప్తి ఒక్కటే చాలదు. అడగకుండా వదిలేసిన ప్రశ్న ఏది, దానివల్ల ముద్దాయికి ఏ నష్టం జరిగింది అన్నది అప్పీలు కారణాల్లో విడిగా రాయాలి.

జైలులో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపవచ్చు. అప్పీలుతో పాటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 430వ సెక్షన్ కింద శిక్ష నిలుపుదల, బెయిలు కోరుతూ దరఖాస్తు వేయాలి.