కుట్టు మధ్యలో మిషన్ మొరాయిస్తే ఏం చేయాలి?

ఖాళీగా ఉన్న రోజుల్లో మిషన్‌కు ఏ రోగమూ రాదు. రేపు పొద్దున తిరుచానూరులో పెళ్ళి, ఈ రాత్రికి జాకెట్టుకు చేతులు ఎక్కించాలి అనుకున్నప్పుడే టకటకా కొట్టుకుని ఆగిపోతుంది. మే నెలలో మా తిరుపతి గంగమ్మ జాతర ముందైతే ఇక చెప్పక్కర్లేదు. ఏ టైలరు దగ్గర చూసినా బట్టల గుట్టలే. రిపేరు చేసేవాళ్ళకు ఫోన్ చేస్తే దొరికినా, ముందు అడిగే మాట ఒకటే: "సూది మార్చి చూసినారా అక్కా?"

ఆ ప్రశ్న తప్పించుకోవడానికి అడిగింది కాదు. ఇళ్ళల్లో ఉండే నల్లటి కాలి మిషన్లు, వాటికే మోటారు బిగించినవి నడుమలో ఆగాయంటే చాలావరకు తేడా సూదిలోనో, దారంలోనో, కింది దారం చుట్టే బాబిన్‌లోనో ఉంటుంది. అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక వరస పెట్టుకోండి. ముందు బట్ట, తర్వాత సూది, దారం, బాబిన్, ఆ తర్వాతే నూనె, బెల్టు. ఖర్చు లేనివి ముందు చూడాలి. ఒకేసారి నాలుగు స్క్రూలు తిప్పేస్తే అసలు తేడా ఎక్కడుందో మెకానిక్కు కూడా అంతుపట్టదు.

1. మిషన్ సంగతి తర్వాత, ముందు బట్టను బయటికి తీయండి

మోటారు ఉంటే ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. కాలు పొరపాటున పెడల్ మీద పడితే వేలు సూది కిందే ఉంటుంది.

ఇరుక్కున్న బట్టను లాగొద్దు. పట్టు అయితే పోగులు జరిగి గీత పడుతుంది, అది ఇస్త్రీకి కూడా పోదు. చక్రాన్ని చేత్తో మీ వైపుకు మెల్లగా తిప్పి చూడండి. కదలకపోతే బలవంతం చేయకుండా కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు ఊపండి. చాలాసార్లు లోపల ఇరుక్కున్న దారం అలా తెగి వదులవుతుంది. సూది కిందే ఉండిపోయి పైకి రాకపోతే, సూదిని పట్టుకునే స్క్రూ వదులు చేయండి. సూది బట్టలోనే ఉండిపోతుంది, సూది కడ్డీ దాన్ని వదిలేస్తుంది. బట్టను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, బట్టకూ కింది రేకుకూ మధ్య సన్న కత్తెర దూర్చి దారాలు ఒక్కొక్కటే కత్తిరించండి. కింద ఉండలా కట్టిన దారమంతా ఓపికగా తెంపాకే బట్టను మీ వైపుకు కాదు, వెనక వైపుకు జరపండి.

సూది విరిగి ఉంటే ముక్కలన్నీ దొరికేదాకా ఇంకో కుట్టు వేయొద్దు. విరిగిన ముక్కలు పక్కపక్కనే పెట్టి చూస్తే ఏ ముక్క తక్కువో తెలుస్తుంది. మొన తరచుగా లైనింగ్ మడతలోనో, బాబిన్ కేసు కూర్చునే షటిల్ గుంటలోనో పడి ఉంటుంది. అయస్కాంతం ఉంటే బట్ట మీద తిప్పండి. పిల్ల పావడాలో సూది మొన ఉండిపోవడం కన్నా పని ఒక గంట ఆలస్యమైతేనే మేలు.

2. సూది

కొత్త సూది వేయండి. పాతది చూడటానికి బాగానే ఉంది కదా అనుకోవద్దు. వెంట్రుకంత వంగినా కుట్లు తప్పిపోతాయి, ఆ వంపు కంటికి తెలియదు. తీసిన సూదిని అద్దం మీద చదునైన వైపు పెట్టి చూస్తే కింద సందు ఎక్కడ వెడల్పవుతుందో కనబడుతుంది.

సూది వేయడంలోనూ తిరకాసు ఉంది. సూదికి ఒక వైపు పొడవునా సన్నటి గాడి ఉంటుంది. గోరుతో రాస్తే తగులుతుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే కన్నంలోకి ఎక్కాలి. ఇంటి మిషన్ సూదికి పైన ఒక పక్క చదునుగా ఉంటుంది, గాడికి అది ఎదురు వైపు. ఈ రెండూ గుర్తుంటే ఏ కంపెనీ మిషన్‌కైనా సూదిని తిరగేసి వేయరు. పైకి తగిలేదాకా తోసి బిగించండి. సగంలో బిగిస్తే సూది కిందికి దిగుతుంది గానీ కుట్టు పడదు.

నంబరు కూడా చూడండి. పలుచటి జార్జెట్, షిఫాన్‌లకు 11, మామూలు కాటన్ జాకెట్లకు, లైనింగ్ వేసిన పట్టుకు 14, మందపు బట్టకు 16 సరిపోతాయి. శ్రీకాళహస్తి కలంకారీ బట్టతో జాకెట్టు కుడుతున్నప్పుడు, నడుం పట్టీ దగ్గర నాలుగు పొరలు కలిసే చోట 11 సూది వంగిపోతుంది. అక్కడ మోటారు వాడకుండా చక్రాన్ని చేత్తో తిప్పి దాటించడం ఉత్తమం.

3. పై దారం

బట్ట కింద దారం ఉండలు కడితే చాలామంది బాబిన్‌ను తిడతారు. తప్పు దానిది కాదు. కింద ఉండలు కడుతున్నాయంటే పై దారం వదులుగా ఉందని, పైన ఉండలు కడితే బాబిన్ దారం వదులని అర్థం. పై దారాన్ని మొత్తం తీసేసి, పాదం పైకెత్తి, రీలు దగ్గర నుంచి మళ్ళీ ఎక్కించండి. పాదం ఎత్తినప్పుడే దారాన్ని బిగించే టెన్షన్ రేకులు విడిపోతాయి, దారం వాటి మధ్యలోకి దిగుతుంది. పాదం దించి ఎక్కిస్తే దారం రేకుల పైనే కూర్చుంటుంది. పైకీ కిందికీ ఆడే మీట కన్నంలోంచి దారం జారిపోయినా ఇదే గతి. ఎక్కించాక పాదం దించి దారం లాగి చూడండి. బిగువు తెలిస్తే సరిగా పడినట్టే.

దారం పదేపదే తెగుతుంటే రీలును అనుమానించండి. అలమారాలో ఏళ్ళ తరబడి ఉన్న కాటన్ దారం చేత్తో లాగితేనే పుటుక్కుమంటుంది. కొత్త రీలుతోనూ తెగితే సూది కన్నాన్నో, కింది రేకు రంధ్రాన్నో చూడాలి. సూది ఎప్పుడైనా ఆ రేకుకు తగిలి ఉంటే రంధ్రం అంచు గరుకు తేలుతుంది. కాస్త దూది తీసుకుని అంచు చుట్టూ రాయండి, గరుకు ఉంటే దూది పోగు పట్టుకుంటుంది. సన్నటి ఎమరీ పేపరును చిన్న గొట్టంలా చుట్టి ఆ అంచును రుద్దితే ఆ రాత్రికి పని జరిగిపోతుంది.

4. బాబిన్, షటిల్

బాబిన్ కేసు బయటికి తీసి, దారం చివర పట్టుకుని గాలిలో వేలాడదీయండి. దానంతట అది జర్రున జారిపోకూడదు, చేయి చిన్నగా కుదిపితే కొంచెం జారి ఆగాలి. అలా ఉంటే బిగువు సరిగానే ఉన్నట్టు. జారిపోతుంటే ముందు స్క్రూ మీద చేయి వేయొద్దు. పక్కనున్న రేకు కింద దుమ్ము, దారం పీచు దూరి ఉంటుంది. విజిటింగ్ కార్డు మూల ఆ సందులో దూర్చి లాగితే వచ్చేస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఆ చిన్న స్క్రూను పావు చుట్టు తిప్పండి, అంతకు మించొద్దు. ఆ స్క్రూ ఊడి గచ్చు మీద పడితే వెతకడానికి రాత్రి సరిపోదు, కింద తెల్ల గుడ్డ పరుచుకుని ఈ పని చేయండి.

అంచులు సొట్టపోయిన బాబిన్‌ను పారేయండి. దారం అంచుల దాకా నిండిపోయినదాన్ని కొంచెం విప్పండి. బాబిన్‌లో మంచి దారం, పైన నాసి దారం వాడి మిషన్‌ను తిట్టేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు.

మిషన్ బిగుసుకుపోయి ఉంటే సంగతి షటిల్‌లో ఉంటుంది. విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు అదే దిక్కు. షటిల్‌ను పట్టి ఉంచే రింగుకు పక్కల మీటలో, స్క్రూలో ఉంటాయి. వాటిని వదులు చేస్తే రింగు, దాని వెనకే అర్ధచంద్రంలా ఉండే షటిల్ బయటికొస్తాయి. ఆ గుంటలో నల్లటి జిడ్డు, పీచు, చుట్టుకుపోయిన దారం ముక్క ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, ఒకే ఒక్క చుక్క మిషన్ ఆయిల్ వేయండి.

కొబ్బరి నూనె, వంట నూనె మాత్రం వద్దు. ఆ పూటకు మెత్తగా తిరిగినట్టే ఉంటుంది, కొన్నాళ్ళకు జిగురై పట్టేస్తుంది. ఏళ్ళ జిడ్డును రిపేరువాళ్ళు కిరోసిన్‌తో కడుగుతారు. పెళ్ళి ముందు రాత్రి ఇంట్లో ఆ ప్రయోగం పెట్టుకోకండి, ఆ వాసన పట్టుబట్టకు అంటితే పోదు. నూనె వేశాక పాత గుడ్డ మీద కాసేపు కుట్టండి, మిగులు నూనె దానికే అంటుతుంది. అప్పటికీ జాకెట్టుకు మరక పడితే నీళ్ళు పెట్టి రుద్దకుండా టాల్కమ్ పౌడరు చల్లి కొన్ని గంటలు వదిలేసి దులపండి.

5. చక్రం తిరుగుతోంది, కుట్టు పడటం లేదు

చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే కంగారు పడకండి. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు చక్రం నడిమి గుండ్రటి స్క్రూను వదులు చేస్తాం కదా, అది బిగించడం మరిచిపోయి ఉంటారు. దాన్ని బిగిస్తే అంతే.

సూది ఆడుతున్నా బట్ట ముందుకు పోకపోతే కుట్టు పొడవు మీట సున్నా మీదకు జరిగి ఉంటుంది. లేదంటే పాదం కింది పళ్ళ సందుల్లో పీచు అట్టకట్టి ఉంటుంది. రేకు విప్పి పిన్నుతో గీకి తీయండి.

కాలు తొక్కుతున్నా పెద్ద చక్రం ఒట్టిగా తిరుగుతుంటే తోలు బెల్టు సాగింది. వానాకాలంలో ఇది మామూలే. బెల్టు కొసలను కలిపే తీగ కొక్కెం విప్పి, ఒక కొస అర అంగుళం కోసి, సన్న మేకుతో కొత్త రంధ్రం చేసి మళ్ళీ తగిలించండి. మరీ ఎక్కువ కోస్తే తొక్కడం బరువై మోకాళ్ళు పట్టేస్తాయి.

మోటారు నుంచి కాలిన వాసన వచ్చినా, పొగ వచ్చినా అక్కడితో ఆపేయండి. దాన్ని ఇంట్లో విప్పొద్దు. కింద కాలి స్టాండు ఉంటే మోటారు బెల్టు తీసేసి తోలు బెల్టు వేసుకోండి, తొక్కుతూ పూర్తి చేయవచ్చు. మోటారు కొన్నాక కాలి స్టాండును పాత ఇనుముకు వేసేవాళ్ళను నేను వద్దంటాను, కరెంటు పోయిన పూటైనా అదే ఆదుకుంటుంది.

6. ఎంతకీ కదలకపోతే

సూది దిగినప్పుడు లోపల ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వస్తున్నా, కొత్త సూదితో కూడా ఒక్క కుట్టు పడకపోయినా టైమింగ్, అంటే సూదీ షటిలూ కలిసే వేళ, తప్పినట్టే. అది మెకానిక్ పని. ఇక మిషన్‌ను వదిలేసి, పని ఎలా ముగించాలో చూడండి.

పక్కింటి మిషన్ దొరికితే మీ దారం మీరే తీసుకెళ్ళండి. ముందు అదే బట్ట తుంట మీద రెండు వరసలు కుట్టి, కుట్టు పొడవు మీ పాత కుట్టుకు సరిపోయేలా చూసుకోండి. ఆగిన చోట నుంచి కాకుండా అర అంగుళం వెనక నుంచి పాత కుట్టు మీదుగా మొదలుపెట్టండి, అక్కడ విడిపోదు. టైలరుకు ఇస్తుంటే భాగాలను సరైన వరసలో పిన్నులు పెట్టి, ఎడమ చేయి ఏదో కుడి చేయి ఏదో చాక్‌తో గుర్తు పెట్టి ఇవ్వండి. "మిగతాది కుట్టి ఇవ్వండన్నా" అని మూటగా ఇస్తే, దాన్ని పరిచి అర్థం చేసుకునే ఓపిక ఆ సీజన్‌లో ఎవరికీ ఉండదు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజైతే ఊరు దాటి పోవాలన్న ఆలోచనే మానుకోండి, మీ వీధిలోనే వెతకండి.

ఎవరూ దొరకకపోతే చేత్తో కుట్టడమే. అన్నీ ఒకే కుట్టుతో కాదు. చంక, పక్క కుట్టు, భుజం లాగుడు పడే చోట్లు. అక్కడ వెనక కుట్టు వేయాలి. అంటే సూది బయటికి వచ్చిన చోటు నుంచి ఒక కుట్టు వెనక్కి వేసి, అక్కడి నుంచి రెండు కుట్లంత ముందుకు బయటికి తీయడం. చేత్తో వేసినా పై నుంచి మిషన్ కుట్టులాగే కనబడుతుంది, గట్టిగానూ ఉంటుంది. చంక దగ్గర రెండు పేటల దారంతో వేయండి. మెడ, చేతి అంచు, చీర ఫాల్ ఎలాగూ చేతి పనే. కర్టెన్లకు, దిండు గలీబులకు మామూలు ముందు కుట్టు చాలు. జాతరలో ఆడవేషం వేసే మగపిల్లాడి కొలతలతో కుట్టే జాకెట్టుకైతే పొడుగు కుట్లు కూడా సరిపోతాయి, అది ఒక్క పూట నిలబడితే చాలు. పెళ్ళికూతురు జాకెట్టుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

మెకానిక్ దగ్గరికి

పొద్దున మిషన్ పంపేటప్పుడు స్టాండుతో సహా మోయక్కర్లేదు. వెనక కీళ్ళ దగ్గర స్క్రూలు వదులు చేస్తే తలకాయ ఒక్కటే వచ్చేస్తుంది. అది కూడా 10 కిలోలకు పైగానే తూగుతుంది, ఆటోలో ఒళ్ళో పెట్టుకోకుండా కింద గోనెసంచి మీద పెట్టండి. బాబిన్ కేసు ఇంట్లో వదిలి పంపొద్దు, అది లేకుండా వాళ్ళు కుట్టి చూడలేరు. సరిగ్గా పడని కుట్టు ఉన్న గుడ్డ ముక్కను, వాడిన దారాన్ని, తీసేసిన పాత సూదిని ఒక కవర్లో వేసి ఇవ్వండి. "సరిగా కుట్టడం లేదు" అనకుండా, కింద ఉండలు కడుతోందా, కుట్లు తప్పుతున్నాయా, చప్పుడు వస్తోందా చెప్పండి. దారాలు, లైనింగ్ కొనడానికి గాంధీ రోడ్డు వైపు వెళ్ళినప్పుడు 11, 14, 16 సూదులు ఒక్కో ప్యాకెట్టు, రెండు బాబిన్లు, చిన్న సీసా మిషన్ ఆయిల్ తెచ్చి మిషన్ సొరుగులో వేసుకోండి. బాబిన్లు కొనేటప్పుడు పాతది ఒకటి అంగట్లో చూపించి సరిపోల్చుకోండి. చూడటానికి ఒకేలా ఉన్నా ఎత్తులో చిన్న తేడా ఉంటే కేసులో తిరగవు.