దగ్గర్లో సైకియాట్రిస్టు లేనప్పుడు డిప్రెషన్‌కి ఫోన్‌తో వైద్యం ఎలా మొదలుపెట్టాలి

ముందు 14416కి ఫోన్ చేయండి. ఇది టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, మామూలు బటన్ల ఫోన్ అయినా సరిపోతుంది. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమనుకుంటే డాక్టరుకు కలుపుతారు. జబ్బు పేరు మీరు చెప్పక్కర్లేదు. నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు, ఏ పని మీదా మనసు పోవట్లేదు, ఒళ్లంతా నొప్పులు, ఇదంతా ఎన్నాళ్ల నుంచి, ఇలా ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. ఇంట్లో అందరికీ ఒకటే ఫోన్ అయితే, ముఖ్యంగా కోడళ్లకి, పక్కన ఎవరూ లేకుండా మాట్లాడుకునే అరగంట దొరకడమే కష్టం, అది ఇంట్లోవాళ్లే కల్పించాలి.

తీవ్రత తెలుసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుతో మాట్లాడాల్సిందే. పశ్చిమ గోదావరి పల్లెల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు కింద ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని అడిగినవి ఇలాంటి ప్రశ్నలే, కాబట్టి చదువు రానివాళ్లకి మీరే చదివి వినిపించొచ్చు. చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతో లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, ఆ క్షణమే ఫోన్ చేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే 108.

డిప్రెషన్ తగ్గించడానికని ఫోన్‌లో ఒక యాప్ ఇచ్చేసి వదిలేస్తే మాత్రం లాభం తక్కువ, ఈ మాట గట్టిగానే చెబుతున్నా. బ్రెజిల్, పెరూల్లో బీపీ గానీ షుగర్ గానీ ఉండి, దాంతో పాటు డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లకి కొనెమో అనే యాప్ ఇచ్చారు. 6 వారాల్లో 18 చిన్న పాఠాలు, ఇష్టమైన పనులు మళ్లీ మెల్లగా మొదలుపెట్టించడమే అందులో ముఖ్యం, నర్సులు వెనక ఉండి సాయం చేశారు. 3 నెలలకి మంచి తేడా కనిపించింది, 6 నెలలకి అది నిలవలేదు. అందుకే మీ ఇంట్లో ఒకరు వారానికోసారి తప్పకుండా అడగాలి, 6 వారాలతో ఆపకూడదు: ఈ వారం ఏ పని అనుకున్నావు, చేయగలిగావా, చేశాక ఎలా అనిపించింది? పని చిన్నదే ఉండాలి, పొద్దున్నే స్నానం చేయడం, చెరువుగట్టు దాకా నడిచి రావడం, అక్కకి ఫోన్ చేయడం. చేయలేకపోతే తిట్టకండి, ఇంకా చిన్న పని చెప్పండి.

డాక్టరు మందులు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గినట్టు అనిపించినా సొంతంగా మానకండి, ఇబ్బందిగా ఉంటే రాసిన డాక్టరునే అడగండి.