టూరిన్ వస్త్రం అసలైనదేనా? వాదనకు దిగే ముందు

యేసు దేహాన్ని సమాధిలో చుట్టిన బట్ట ఇదేనని చాలామంది నమ్మే, ఇటలీలోని టూరిన్ కెథీడ్రల్‌లో భద్రపరిచిన నారబట్ట గురించి మా సంఘం యువకుల మధ్య వాదన లేస్తే మధ్యవర్తిగా కూర్చునేది నేనే. బడిలో రసాయన శాస్త్రం చెబుతాను, ఆదివారం బైబిల్ తరగతి నడుపుతాను. ఇలాంటి వాదన గొడవగా మారకుండా ఎలా నడపాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ప్రశ్నను విడగొట్టండి. బట్ట వయసెంత? దాని మీద మనిషి రూపం ఎలా పడింది? ఆ మనిషి యేసేనా? ఈ మూడూ వేర్వేరు. వయసు దగ్గర ఇరుక్కోగానే చాలామంది రూపం మీదికి దూకుతారు. "ఎలా పడిందో సైన్సు చెప్పలేకపోయింది కదా!" అంటారు. అది వయసుకు జవాబు కాదు. బట్ట మొదటి శతాబ్దానిదని రేపు తేలినా, అందులో చుట్టింది ఎవరినో దానంతటదే తేలదు. ఎవరు ఏ ఆధారం తెచ్చినా "ఇది మూడింటిలో దేనికి?" అని అడగండి. సగం కేకలు అక్కడే ఆగిపోతాయి.

ఎక్కువ సమయం వయసుకే ఇవ్వండి, ఎందుకంటే కొలిచిన అంకెలు ఉన్నది అక్కడే. 1988లో బట్ట ఒక మూల నుంచి ముక్క కత్తిరించి ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్, అరిజోనా ప్రయోగశాలలకు పంచారు. నారలో ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోయే కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిచి వయసు లెక్కకట్టే కార్బన్ పరీక్షలో క్రీ.శ. 1260–1390 మధ్య కాలం వచ్చింది. 1989లో 'నేచర్' పత్రికలో ఆ ఫలితం అచ్చయింది.

దీన్ని ఒప్పుకోనివాళ్ల మాట తేలిగ్గా తీసెయ్యకండి. ఆక్స్‌ఫర్డ్, అరిజోనా సగటుల మధ్య దాదాపు 100 ఏళ్ల తేడా ఉంది. ముక్క అంతటా ఒకే తీరుగా లేదేమోనన్న అనుమానం అక్కడి నుంచే పుట్టింది. ఆ మూల తర్వాత నేసి కలిపిన అతుకని రసాయన శాస్త్రవేత్త రేమండ్ రోజర్స్ 2005లో రాశారు. మూడు ముక్కలూ ఒకే మూలవి కావడం నిజంగానే లోపం.

కానీ లెక్క కూడా వేయించండి. నేను బోర్డు మీద వేయిస్తాను. రెండు వేల ఏళ్ల నారలో మొదటి కార్బన్-14లో దాదాపు 79 శాతం మిగలాలి. పద్నాలుగో శతాబ్దపు నారలో 92 శాతం ఉంటుంది. పాత బట్ట 92 చూపించాలంటే ముక్కలోని కార్బన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు మన కాలపు మురికి నుంచి వచ్చినదై ఉండాలి. కలిసింది పదహారో శతాబ్దపు దారమైతే 80 శాతానికి పైనే కావాలి. చేతి జిడ్డుకూ కొవ్వొత్తి మసికీ అంత శక్తి లేదు. అతుకు అనేవాళ్లు ముక్కలో చాలా భాగం అతుకేనని చూపించాలి. ఆ భారం వాళ్లదే.

చరిత్ర దగ్గర ఒక్క ప్రశ్న చాలు: 1350లకు ముందు ఈ బట్ట ఎక్కడుంది? ఫ్రాన్స్‌లోని లిరే అనే ఊళ్లో కనిపించేదాకా దీని జాడ అందరూ ఒప్పుకునేలా ఎక్కడా దొరకదు. 1389లో త్రోయ్ బిషప్ పియెర్ దార్సీ, ఇది చిత్రకారుడి పని అని పోపుకు రాశాడు. ఆయనకు లిరే చర్చితో తగాదా ఉందన్నదీ నిజమే, అదీ చెప్పండి. తగాదా ఉన్నంత మాత్రాన ఆయన మాట అబద్ధమైపోదు.

రూపం విషయంలో సందేహవాదులే తొందరపడతారు. "ఎవరో రంగు పూశారు, అంతే" అనకండి. 1978లో బట్టను దగ్గరగా పరీక్షించిన అమెరికన్ శాస్త్రవేత్తల బృందం రూపం పైపై పోగులకే పరిమితమని, పూసిన రంగుతో ఏర్పడింది కాదని చెప్పింది. సూక్ష్మదర్శిని నిపుణుడు వాల్టర్ మెక్రోన్ మాత్రం అదే బృందం తెచ్చిన నమూనాల్లో ఎర్రమట్టి రంగు కనిపించిందన్నాడు. ఈ ముడి ఇంకా విప్పలేదు. అది విప్పకపోయినా వయసు వయసే.

లేఖనం తెరిచేవాళ్లుంటే తెరవనివ్వండి. యోహాను 20వ అధ్యాయంలో నారబట్టలు ఒకచోట, తల రుమాలు వేరే చోట ఉన్నాయి. టూరిన్‌లోనిది ముఖంతో సహా ఒళ్లంతా కనిపించే ఒకే నిలువు బట్ట, నాలుగు మీటర్లకు పైగా పొడవు. రుమాలు తలకు విడిగా కట్టారని సర్దిచెప్పేవాళ్లున్నారు. వినండి, కానీ దీన్ని రుజువుగా ఏ పక్షానికీ ఇవ్వకండి. రూపంలోని కళ్ల మీద పాత నాణేల అచ్చులు కనిపిస్తాయనీ, బట్టలో యేసు తిరిగిన దేశపు పుప్పొడి రేణువులు దొరికాయనీ చెప్పే కథలు మాత్రం నేను బల్ల మీదికే రానివ్వను. చూసే కంటిని బట్టి మారేది సాక్ష్యం కాదు.

నా అభిప్రాయం అడిగితే దాచను: ఇది మధ్యయుగపు బట్టే. యేసు లేచాడని నమ్ముతాను, అందుకు ఈ బట్ట నాకు అక్కర్లేదు. 1998లో టూరిన్‌లోనే రెండో జాన్ పాల్ పోపు, ఇది విశ్వాసానికి సంబంధించిన విషయం కాదనీ, పరిశోధన శాస్త్రవేత్తల పని అనీ అన్నారు. దాని ముందు మోకరించే ముసలమ్మను ఎవరైనా వెక్కిరిస్తే నేను అక్కడితో చర్చ ఆపేస్తాను.

చివర్లో ఇరు పక్షాలనూ ఒకటే అడగండి: ఏ ఫలితం వస్తే మీరు మాట మార్చుకుంటారు? ఒకప్పటి అగ్నిప్రమాదంలో కాలిన చోట్ల వేసిన పాత అతుకులు 2002లో విప్పినప్పుడు కాలిన అంచుల నుంచి వచ్చిన నారను పారేయకుండా దాచారు. చర్చి అనుమతిస్తే, మూలకు దూరంగా ఉన్న ఆ నారకు కార్బన్ పరీక్ష జరగాలని నా కోరిక. అది మొదటి శతాబ్దమని చెబితే నా లెక్క తప్పని ఒప్పుకుంటాను. పద్నాలుగో శతాబ్దమని మళ్లీ చెబితే ఏం చేస్తారో అవతలివాళ్లు పరీక్షకు ముందే చెప్పాలి.