ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లో పాత శిక్షణ కందకాలను గుర్తుపట్టే విధానం

ఇంగ్లండు బంజరు నేలల మీద యుద్ధకాలంలో సైనిక శిక్షణ కోసం తవ్విన కందకాల ఆనవాళ్లను ఉపగ్రహ చిత్రాల్లో వెతకాలనుకునేవారు, ముందుగా తాము నడిచి ఎరిగిన కోనసీమ నేల మీద కంటికి తర్ఫీదు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. దాళ్వా కోతలు పూర్తయి, కాలువలు కట్టేసిన రోజుల చిత్రాన్ని గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల నుంచి ఎంచుకోండి. తీరం వెంబడి వంపు తిరిగిన పచ్చని పట్టీలు వరుసగా కనిపిస్తాయి. అవి ఒకప్పటి సముద్రతీరపు ఇసుక మెరకలు. వాటి మీద కొబ్బరితోటలు, ఊళ్లు ఉంటే, నడుమ పల్లాల్లో వరిచేలు ఉంటాయి. నడిచేటప్పుడు అంతగా తెలియని ఎత్తుపల్లాలు పైనుంచి చూస్తే పచ్చదనంలో తేడాగా బయటపడతాయి.

ఇప్పుడు స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ చేజ్‌కు వెళ్లండి. మొదటి ప్రపంచయుద్ధంలో అక్కడ బ్రాక్టన్, రూజ్లీ అనే సైనిక శిక్షణ శిబిరాలు ఉండేవి. హెదర్ అనే పొట్టి పొదలు పరుచుకున్న ఆ ఇసుక నేలను నాగలి పెద్దగా తాకలేదు కనుకనే గుర్తులు మిగిలాయి. ఏటా దమ్ము చేసే మన చేలల్లో అలాంటి కందకం నాలుగు పంటలకైనా నిలవదు. రంపపు పళ్లలా, లేదా కోట బురుజుల్లా మలుపులు తిరిగే గీత కోసం చూడండి. శత్రువు ఒక చివర చొరబడినా కందకం పొడవునా కాల్చలేకుండా, గుండు పేలుడు ఒక్క మలుపుకే పరిమితమయ్యేలా అలా తవ్వేవారు. మలుపులు లేకుండా సూటిగా, ఒకదాన్నొకటి దాటుతూ సాగే గీతలు ఉంటే తొందరపడకండి. రెండో ప్రపంచయుద్ధంలో, 1940లో, శత్రువుల గ్లైడర్లు (ఇంజను లేని విమానాలు) దిగకుండా కొన్ని మైదానాల్లో తవ్విన కాలువలూ అలాగే ఉంటాయి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసగించేది నీడ. పొద్దు వాలి ఉండే శీతాకాలపు చిత్రమే ఇందుకు మేలు, అయితే గుంట దిబ్బలా, దిబ్బ గుంటలా కనిపించే భ్రమ తరచూ కలుగుతుంది. ఇంగ్లండులో మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు కనుక, గుంటలో నీడ దక్షిణపు అంచు లోపల పడుతుంది, దిబ్బ నీడ దానికి ఉత్తరాన పరుచుకుంటుంది. ఈ సూత్రాన్ని మే రెండో వారం నుంచి జూన్ చివరి దాకా తీసిన కోనసీమ చిత్రాలకు వర్తింపజేయరాదు, ఎందుకంటే ఆ రోజుల్లో మనకు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి జరిగి ఉంటాడు.

అనుమానం తీరకపోతే, ఇంగ్లండు ప్రభుత్వం ఉచితంగా అందిస్తున్న లైడార్ పటాన్ని (విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలను కొలిచి తయారుచేసినది) పక్కన తెరిచి, పొదలను తొలగించి చూపే ఆ నేలరూపంలో అదే మలుపుల గీత ఉందో లేదో సరిపోల్చుకోండి.