తాళం వేసి వలస పోయినవాళ్లను సర్వే చేయడం ఎలా?

పాలమూరు వలస కూలీల మీద సర్వే చేయాలనుకుంటే ఓటరు లిస్టు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే లాభం లేదు. తలుపులకు తాళాలుంటాయి, లేదంటే ముసలివాళ్లే దొరుకుతారు, మీకు కావాల్సినవాళ్లేమో ముంబైలోనో, పుణెలోనో, హైదరాబాద్‌లో ఏదో బిల్డింగ్ సైట్ దగ్గరో ఉంటారు.

ఇలా ఇంటి దగ్గర దొరకనివాళ్ల కోసం డగ్లస్ హెకథార్న్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1997లో ఒక పద్ధతి చెప్పాడు. ముందు వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు పనుల నుంచి కొంతమందిని మీరే ఎంచుకోండి, ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. సర్వేకు రమ్మనే కూపన్లు ఒక్కొక్కరికి 3 ఇస్తే తమకు తెలిసిన కూలీలకు ఇస్తారు, అలా వచ్చినవాళ్లకు మళ్లీ 3. హద్దు పెట్టకపోతే బాగా పరిచయాలున్న ఒక్క మనిషే తన వాళ్లందరినీ తెచ్చేస్తాడు. కూపన్ మీద పేరు వద్దు, నంబరు చాలు.

"మీకు తెలిసిన వలస కూలీలు ఎంతమంది?" అని ప్రతి ఒక్కరినీ అడగండి. ఎక్కువమంది తెలిసినవాళ్లకు కూపన్ అందే అవకాశం ఎక్కువ, కాబట్టి లెక్క కట్టేటప్పుడు వాళ్ల జవాబులకు వెయిటేజీ తగ్గించాలి. ఈ ప్రశ్న వదిలేస్తే మిగతా కష్టమంతా వేస్ట్.

మేస్త్రీ వెంట మాత్రం పోకండి. అడ్వాన్సు ఇచ్చిన మనిషి పక్కనే నిలబడితే కూలి గురించి ఎవరు నిజం చెప్తారు?

పొద్దున అడ్డా మీద ప్రశ్నలతో ఆపితే వాళ్లకు ఆ రోజు పని పోతుంది, అందుకే సాయంత్రం కలవండి, వాళ్ల టైముకు డబ్బు ఇవ్వండి. ఉగాదికి, పీర్ల పండక్కి ఊళ్లకు వచ్చేవాళ్లుంటారు, ఆ రోజులు వదులుకోవద్దు.