పుంజా, పెట్టా? నడుము ఈకలు చూడండి

గుడ్డు కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అనే లెక్క నమ్మకండి. అది పనిచేయదు. వనరాజా, గ్రామప్రియ లాంటి రకాల్లో ఆరేడు వారాలకే పుంజుపిల్ల జుట్టు పెరిగి ఎర్రబడుతుంది, పెట్టపిల్లది చిన్నగా, పాలిపోయి ఉంటుంది. మా గోదావరి వైపు పెంచే అసీల్ కోళ్లలో మాత్రం ఈ గుర్తు చాలదు. వాటి జుట్టు పుట్టుకతోనే చిన్నది, తలకు అంటుకుపోయి ఉంటుంది.

అందుకే నేను నడుము చూస్తాను. మూడో నెల దాటాక, చీకటి పడి కోళ్లు గూట్లో చేరాక, ఒక్కోదాన్నీ మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకోండి. తోక మొదట్లో, నడుము మీది ఈకల్ని వేళ్లతో విడదీయండి. సన్నగా, మొన తేలి, నిగనిగలాడుతూ పక్కలకు జారుతుంటే అది పుంజే. పెట్టకైతే అక్కడి ఈకలు వెడల్పుగా, కొస గుండ్రంగా ఉంటాయి. పెట్టమారు పుంజులొక్కటే తికమక పెడతాయి, వాటి ఈకలు పెట్టల్లాగే ఉంటాయి. కూత వచ్చేదాకా ఆగాల్సిందే, మామూలుగా నాలుగైదు నెలలకు కూస్తాయి. కాలి ముల్లును నమ్ముకోకండి, ముదురు పెట్టలకూ వస్తుంది.

ఏ పుంజును ఉంచుకోవాలో మేత దగ్గర తెలుస్తుంది. గుప్పెడు నూకలు చల్లి పక్కకు తప్పుకోండి. మంచి పుంజు గింజను ముక్కుతో తీసి, వదిలి, మళ్లీ తీసి, ‘కొక్ కొక్ కొక్’ మంటూ పెట్టల్ని పిలుస్తుంది. అవి తింటుంటే తను మెడ వంచి ఒక కన్ను ఆకాశం వైపు తిప్పుతుంది. గద్ద కనబడితే సాగదీసి సన్నగా ఒక్క అరుపు అరుస్తుంది, పిల్లలతో సహా అన్నీ పొదల్లో దూరతాయి. కుక్కో ముంగిసో వస్తే ఆపకుండా గోల చేస్తుంది, అప్పుడు అన్నీ మెడలు నిక్కించి నిలబడతాయి. ఈ రెండు అరుపుల తేడా పట్టుకోండి. వంటింట్లో ఉన్నా, పైకి చూడాలో కంచె వైపు పరుగెత్తాలో తెలిసిపోతుంది. ఇలాంటి పుంజును కూరకు కోయడానికి నాకు చేతులు రావు.

రెక్క నేలకు దించి పెట్ట చుట్టూ పక్కగా అడుగులేస్తే అది జత కోసం. అదే మీ ముందు చేస్తే సవాలు. వెనక్కి పరుగెత్తకండి, తన్నకండి, తంతే పోట్లాటకు దిగుతుంది. కదలకుండా నిలబడి, తగ్గాక చంకలో పెట్టుకుని కాసేపు తిప్పండి.

రెండు మూడు పుంజులుంటే పెద్దరికం ఎవరిదో తెల్లవారుజామున వినండి. పై పుంజే ముందు కూస్తుందనీ, మిగతావి తమ వరుసలో అందుకుంటాయనీ జపాన్ పరిశోధకులు 2015లో ప్రచురించారు. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు సరిపోతుంది. పెట్టల వీపు మీద ఈకలు ఊడి చర్మం కనబడుతోందంటే పుంజులు ఎక్కువయ్యాయేమో చూసుకుని, కింది పుంజును ఆ రోజే వేరే గంప కింద పెట్టండి.