లండన్‌లో ట్రైనీ సొలిసిటర్‌గా చేరుతున్నారా? పట్టిన టైమ్ దాచకండి

లండన్ సిటీలోని లా ఫర్మ్‌లో ఈమధ్యే ట్రైనీ సొలిసిటర్‌గా, అంటే శిక్షణలో ఉన్న లాయర్‌గా చేరిన మన హైదరాబాద్ అమ్మాయి ఒకామె మొన్న కలిసింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి దాకా ఒకే లీజు మీద కూర్చుందట. (ఏ క్లయింటో చెప్పలేదు, చెప్పకూడదు కూడా.) ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసే టైమ్‌షీట్‌లో మాత్రం నాలుగు గంటలే రాసింది. ఎందుకమ్మా అంటే, "ఇంతసేపు పట్టిందని తెలిస్తే పరువు పోతుంది కదన్నా" అంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఇల్లు, బ్యాంకు ఖాతా సంగతులు మీరే చూసుకుంటారు. చాలా ఫర్మ్‌లలో రెండేళ్ల శిక్షణంటే ఆరు నెలలకొకటి చొప్పున నాలుగు సీట్లు, అంటే నాలుగు విభాగాల్లో పని. ఫర్మ్ యజమానుల్లో ఒకరైన పార్ట్‌నర్‌నైనా పేరుతోనే పిలవండి, సర్ అక్కర్లేదు.

అసలు సంగతి టైమ్ రికార్డింగ్. గంటను ఆరేసి నిమిషాల చొప్పున పది యూనిట్లు చేస్తారు. పట్టినంతా రాయండి. అందులో క్లయింటుకు ఎంత బిల్లు వేయాలో, ఎంత తగ్గించాలో పార్ట్‌నర్ చూసుకుంటారు, ఆ లెక్క మీది కాదు. మీరు నాలుగు గంటలని రాస్తే రేపు అలాంటి లీజే ఇంకోటి ఇచ్చి మధ్యాహ్నానికల్లా కావాలంటారు. అప్పుడేం చేస్తారు? తర్వాతి డీల్‌కు ఫీజు అంచనా కూడా ఆ తప్పు లెక్క మీదే వేస్తారు. ఎక్కువ రాస్తే మోసమని అందరికీ తెలుసు, తక్కువ రాసినా అది నిజం కాదని ఎందుకు తట్టదు? సాయంత్రం గుర్తు చేసుకుని రాద్దామనుకోవద్దు, పని అవగానే రాసేయండి. ‘డాక్యుమెంట్లు చూశాను’ అంటే చాలదు, ఏ డాక్యుమెంటు, ఎవరితో కాల్ అన్నది ఉండాలి.

నా మొదటి సీటు బ్యాంకింగ్‌లో. అప్పు తీసుకున్న కంపెనీ తన ఆస్తుల మీద ఇచ్చిన ఛార్జ్‌ను (అప్పుకు హామీగా రాసిచ్చే హక్కు) కంపెనీల రిజిస్టర్ ఉండే కంపెనీస్ హౌస్‌లో 21 రోజుల్లోపు నమోదు చేయాలి. గడువు దాటితే, కంపెనీ దివాలా తీసినప్పుడు దాని ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేటర్ ముందు ఆ ఛార్జ్ చెల్లదు. గడువు పెంచమని కోర్టుకు వెళ్లాల్సిందే. ఆ నమోదు ఫారం నింపడానికి వచ్చేది తరచూ ట్రైనీ చేతికే. ఆ టెన్షన్‌తో చలికాలమంతా నాకు సరిగ్గా నిద్ర లేదు. తేదీలు, పేర్లు, కంపెనీ నంబర్లు ఒక్కొక్కటే సరిచూస్తే గంట పట్టేది. అదీ పనే కదా, దాన్ని దాచడమెందుకు?

సరే, ఇదీ చెప్తాను. మొదటి సీటులో మీకు ఆలస్యమవుతుందని ఫర్మ్‌కు ముందే తెలుసు, ట్రైనీ గంటకు రేటు తక్కువ పెట్టేది అందుకే. నాలుగో సీటుకల్లా చేయి తిరుగుతుంది. ఇప్పటికే తక్కువ రాసి ఉంటే బిల్లు వెళ్లేలోపు సూపర్‌వైజర్‌కు చెప్పి సరిచేయించుకోండి. దానికెవరూ తిట్టరు.